తేజ్యా నాయక్ లేచిన కుర్చీ

మంత్రిగారి నీటి సలహా కమిటీలో ఐదుగురు సభ్యులు. అందులో నలుగురికి తాము ఎందుకు సభ్యులయ్యారో బాగా తెలుసు. ఐదో మనిషి తేజ్యా నాయక్. ఆయనొక్కడే సలహా చెప్పడానికి వచ్చాననుకున్నాడు.

నేను ఆ కమిటీకి టైపిస్టును. పేరు సునీల, ఊరు ఎల్లారెడ్డి. 2012 ఎండాకాలం నుంచి నెలకోసారి కామారెడ్డిలో ఒక అతిథి గృహంలో సమావేశం జరిగేది. పొద్దున్నే బస్సెక్కి లింగంపేట, తాడ్వాయి మీదుగా వెళ్లేదాన్ని. మూలన కంప్యూటర్ ముందు కూర్చుని, పెద్దలు మాట్లాడినదంతా తీర్మానాల కింద రాసిపెట్టేదాన్ని. నాది కాంట్రాక్టు నౌకరి. ఏటా మార్చి ఆఖరున ఒక సంతకం పడితే ఇంకో ఏడాది ఉంటుంది, లేకపోతే లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత దాచుకున్నానని ఎవరూ అనకూడదు.

తేజ్యాది ఈదులకుంట తండా. ఎల్లారెడ్డికి తొమ్మిది కిలోమీటర్లు, అందులో మూడు మట్టిబాట. అరవై ఇండ్లు ఉంటాయి. చిన్నప్పుడు పశువులు కాశాడు. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు దీపావళి దాటగానే భార్యతో సహా మహారాష్ట్ర దిక్కు చెరకు నరకడానికి పోయి, ఎండలు ముదిరేసరికి తిరిగి వచ్చేవాడు. తండ్రి పోయాక నాయక్, అంటే తండా పెద్ద, అయ్యాడు. నేను చూసేనాటికి అరవై అయిదు దాటాయి. పొడుగు మనిషి. తలకు ఎప్పుడూ ఎర్ర రుమాలు చుట్టేవాడు, ఉతికి ఉతికి అది ఇటుక రంగుకు వచ్చింది. చదువు రాదు, వేలిముద్రే.

ఆయన కమిటీలోకి ఎట్లా వచ్చాడంటే, 2009 ఎన్నికలప్పుడు రెండు తండాల మధ్య కుంట నీళ్ల కోసం తలలు పగిలేదాకా వచ్చింది. తేజ్యా ఇరువైపుల వాళ్లనూ కూర్చోబెట్టి ఒక్క పగటిలో తెగ్గొట్టాడు. ఓట్లు అడగడానికి వచ్చిన నాయకుడు పక్కన నిలబడి అదంతా చూశాడు. ఆ నాయకుడే తర్వాత మంత్రి అయ్యాడు. కమిటీ వేసేటప్పుడు గిరిజనుల తరఫున ఒకరు కావాలంటే ఆ పేరు గుర్తొచ్చింది. ఫోటోలో ఒక రుమాలు ఉంటే బాగుంటుందని కూడా ఎవరో అన్నారట.

ఆ తండాలో పంచాయితీకి ఒక రివాజు ఉంది. న్యాయం చెప్పే పెద్దమనిషికి తన వాళ్ల తగువే ఎదురొస్తే, ఆయన తల మీది రుమాలు తీసి, తాను కూర్చున్న చోట పరిచి లేచిపోతాడు. పశువుల తొట్టి దగ్గరికి వెళ్లి వీపు తిప్పి కూర్చుంటాడు. ఆయన లేవగానే ఎదుటి పక్షం బంధువు ఎవరైనా పెద్దల్లో ఉంటే ఆయన కూడా లేవాలి. ఇక మిగిలిన వాళ్లలో ఒకరు రుమాలు తరఫున మాట్లాడాలి. తీర్పు చెప్పేముందు రుమాలు వైపు తిరిగి చెప్పాలి. అంటే మనిషి లేస్తాడు కానీ ఆయన పక్షం లేవదు.

తేజ్యా కొడుకు హరిచంద్ పెళ్లికి ముందు ఒకసారి ఎడ్లను ఒక ముసలమ్మ మక్కచేన్లో వదిలి, నేను కాదని బుకాయించాడు. పంచాయితీ కూర్చుంది. తేజ్యా రుమాలు పరిచి తొట్టి దగ్గరికి పోయాడు. ముసలమ్మ తమ్ముడూ లేచాడు. తండాలో నాయక్ తర్వాతివాడు, కార్‌బారి గోవింద్, రుమాలు తరఫున మాట్లాడాడు. హరిచంద్ రెండు పంటలకు ఆ ముసలమ్మ చేను దున్నిపెట్టాలని తేలింది. తేజ్యా తిరిగొచ్చి రుమాలు చుట్టుకుంటూ తీర్పు ఏమిటని అడగలేదు. "నా దిక్కు ఎవలన్న మాట్లాడిన్రా?" అని అడిగాడు. "నేను మాట్లాడిన" అన్నాడు గోవింద్. "అయితే సరే" అని కూర్చున్నాడు. ఇదంతా గోవింద్ నాకు తర్వాత చెప్పాడు. ముందే తెలిసి ఉంటే నేనేమైనా చేసేదాన్నా అంటే, చెప్పలేను.

మొదటి సమావేశంలో అధ్యక్ష స్థానంలో ఉన్న ఆఫీసరు తలా ఒక కాగితం ఇచ్చాడు. 'ఈ కమిటీ సలహా ఇచ్చే పనులలో నాకు గానీ నా కుటుంబానికి గానీ ఎటువంటి ప్రయోజనమూ లేదు' అని అందులో ఉంది. అది నేను టైపు చేసిందే. మంత్రిగారి ముఖ్య సలహాదారు విఠల్‌రావు ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడుతూనే, చూడకుండానే సంతకం గీకాడు. తాడ్వాయి దాటాక రోడ్డు పక్కన ఆయనకు ముప్పై ఎకరాల వెంచర్ ఉంది. తెల్లరాళ్లు పాతి, మధ్యలో కమాను కట్టి, జెండాలు పెట్టారు. కాగితాల మీద ఆయన భార్య పేరు ఉంటుంది. కామారెడ్డిలో చాయ్ బండి వాడికి కూడా ఈ సంగతి తెలుసు.

తేజ్యా కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఏమున్నది బిడ్డా గిండ్ల?"

చదివి వినిపించాను.

"నాకు లాభమున్నది గదా. మా తండకు నీళ్లు కావాలె. లేదని ఏలు ఎట్ల పెట్టాలె?"

గదిలో అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, "ఉత్త రివాజు కోసం నాయక్, పెట్టేయండి" అన్నాడు. రివాజు అనే మాట విని తేజ్యా ఇంకా గట్టిపడ్డాడు. చివరికి ఆయన చెప్పినట్టే కాగితం కింద నేను చేత్తో రాశాను: 'నాకు లాభం ఉంది. మా తండాకు నీళ్లు కావాలి. ఆ మాట వచ్చిన రోజు లేస్తాను.' దాని పక్కన వేలిముద్ర వేశాడు. ఐదు కాగితాల్లో నిజం చెప్పింది అదొక్కటే. సర్కారు ఫైలులో నిజం అట్లా చేతిరాతతో పడి ఉండటం నేను మళ్లీ చూడలేదు.

సలహాలు బాగా చెప్పేవాడు. ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ ఊరి బోర్లు ఎందుకు పోయాయో ఆయనకు తెలుసు. డోంగ్లి దిక్కు ఒక ఊళ్లో టాంకు ఎక్కడ కట్టాలో ఇంజనీర్లు మ్యాపు పరచుకుని గంటసేపు కొట్టుకుంటుంటే, "ఆడ కట్టకున్రి, ఆడ ఉప్పునీళ్లు" అని ఒక్క మాటలో తేల్చాడు. తర్వాత పరీక్ష చేయిస్తే ఉప్పునీళ్లే. ఇంకోసారి కూతురిని ఇచ్చిన ఊరికి పశువుల నీటితొట్టి మాట వస్తే కుర్చీ మీద రుమాలు పరిచి వరండాలోకి పోయాడు. తొట్టి ఎలాగూ మంజూరైంది, దానికి అడ్డొచ్చేవాడు లేడు. కానీ ఆయనకు మాత్రం రివాజు ఇక్కడా నడుస్తుందని నమ్మకం కుదిరింది. అదే కొంప ముంచింది.

2013 ఫిబ్రవరిలో కమిటీ తండాకు పరిశీలనకు పోయింది. అప్పుడే హరిచంద్ భార్య రాజిని చూశాను. హరిచంద్ అప్పటికి ఏడాదిగా దుబాయిలో ఉన్నాడు. రాజికి ముప్పై లోపే, ఎనిమిదేళ్ల కూతురు చందన. ఇంట్లో పెత్తనం, చేను, మామ, అన్నీ ఆమె మీదే. మా అందరికీ స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. అడుగున మట్టి కనబడుతోంది. విఠల్‌రావు చేత్తో వద్దని కారులోంచి సీసా తెప్పించుకున్నాడు. రాజి ఏమీ అనుకోలేదు. ఆ గ్లాసు నాకిచ్చి, "మీ కమిటీల ఎంతమంది ఉన్నరక్కా?" అని అడిగింది.

"ఐదుగురు."

"ఐదుగురు తలొక బిందె మోస్తే మాకు గీ పూట ఎల్లిపోతది. సలహాలెందుకు?"

నవ్వాపుకోలేకపోయాను. ఆమె నన్ను బావి దగ్గరికి తీసుకుపోయింది. పాత వ్యవసాయ బావి. రాతి కట్టు పై వరసల్లోనే ఉంది, కింద అంతా మట్టి. ఒక పక్క లోపలికి తొలిచినట్టు అయింది. అడుగున గుంటలో ఊరిన నీళ్లను ఒకామె చెంబుతో ముంచి బిందెలో పోస్తోంది. ఆమె పైకి వచ్చాక ఇంకొకామె దిగుతుంది. పొద్దున మొదలుపెడితే వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందట. "మా మామ పెద్ద కమిటీల ఉన్నడు. ఈసారి గట్టిగ అడుగమని చెప్పిన. నువ్వు గూడ జర రాయక్కా" అంది. రాస్తానన్నాను. ఎవరేం చెప్తే అది రాసేదాన్ని, నాదేం పోయింది!

మార్చి మూడో వారంలో అసలు సమావేశం జరిగింది. ఎల్లారెడ్డి రోడ్డు వెంట పోయే మంచినీళ్ల పెద్ద పైపు నుంచి ఆ ఏడాదికి ఒకే ఒక్క కొత్త పాయ తీయడానికి వీలుంది. పోటీలో రెండే మిగిలాయి. ఒకటి ఈదులకుంట తండా. రెండోది 'తాడ్వాయి సమీపంలోని నూతన నివాస ప్రాంతం'. అక్కడ నివాసం ఉండేవి తొండలు, తెల్లరాళ్లు. కమిటీ ఏది చెప్తే మంత్రిగారు దానికే సంతకం పెడతారు.

ఆఫీసరు ఆ అంశం చదవగానే తేజ్యా లేచాడు. రుమాలు విప్పాడు, నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పరిచాడు. కానీ బయటికి పోలేదు. విఠల్‌రావు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"రావ్ సాబ్, లేవుండ్రి" అన్నాడు.

విఠల్‌రావు ఫోన్లోంచి తలెత్తాడు. "నేనెందుకు లేస్త నాయక్?"

"ఆ జాగ మీది గదా."

"నాదెక్కడిది? మా ఇంటామెది." అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కోపం కూడా రాలేదు ఆ మనిషికి. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకు అన్నవాడైనా కాస్త సిగ్గుపడి ఉంటాడు.

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. "కూర్చోండి నాయక్. ఇదేం తండా పంచాయితీ కాదు. మీ తండా సంగతి మీరే చెప్పుకోవాలి."

"కూసుంటే తప్పయితది సారూ. నా కోడలు ఆ బాయిల దిగుతది. నేను మాట్లాడితే ఆమె కోసం మాట్లాడినట్టే. మీరు ముగ్గురు పెద్దమనుషులున్నరు. రుమాలు ఈడనే ఉన్నది." ఇంత చెప్పి వరండాలోకి వెళ్లి, గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయన నెరిసిన తల కనబడుతూనే ఉంది.

కుర్చీ ఖాళీ కాగానే అటెండరు రాజన్న ఫైళ్లు తెచ్చి దాని మీద పెట్టబోయాడు. రుమాలు అడ్డమొచ్చింది. తీసి కిటికీ కొక్కేనికి తగిలించాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకు అది ఒక బట్ట. మిగిలిన ముగ్గురు పెద్దమనుషుల్లో ఒకాయనకు అదే వెంచర్‌లో మూలప్లాటు ఉందని నాకు తర్వాత తెలిసింది. మిగతా ఇద్దరికీ భోజనాల వేళైంది. తండా పేరు ఎవరూ ఎత్తలేదు. కంచే చేను మేస్తుంటే అడ్డుకునే ఒక్క మనిషీ తనంతట తానే లేచి బయట కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది, అంతే.

విఠల్‌రావు నాకు చెప్పి రాయించాడు. "ఈదులకుంట తండా ప్రతినిధి సమావేశం నుండి వెళ్లిపోయినందున, ఆ ప్రతిపాదనపై ఎవరూ పట్టుబట్టనందున, సభ్యులు ఏకాభిప్రాయంతో..."

నా వేళ్లు ఆగాయి. 'వెళ్లిపోయినందున' అన్న మాట దగ్గర ఆగాయి. ఆయన వెళ్లిపోలేదు, అదిగో కిటికీ అవతల ఉన్నాడు. లాభం ఉంది, లేస్తాను అని నా చేత్తోనే రాసిన కాగితం అదే ఫైలులో, నా మోచేతి కింద ఉంది. అది తీసి ఆఫీసరుకు చూపిస్తే చాలు. ఒక్క మాట అనాలి, అంతే.

"ఏమమ్మా, ఆగినవ్? నీ కాగితం కూడా ఈ వారమే గదా సంతకం కావాల్సింది" అన్నాడు విఠల్‌రావు. బెదిరించినట్టు కాదు, గుర్తు చేసినట్టు అన్నాడు. నేను టైపు చేశాను. ఏకాభిప్రాయం అనే మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

తేజ్యా లోపలికి వచ్చేసరికి అందరూ భోజనాలకు లేస్తున్నారు. ఆయన కుర్చీ మీద ఫైళ్లు ఉన్నాయి. రుమాలు కోసం చుట్టూ చూశాడు. కొక్కేనికి వేలాడుతుంటే తీసుకుని, దులిపి, చుట్టుకున్నాడు. ఆఫీసరు "వచ్చే ఏడాది చూద్దాం నాయక్" అని భుజం తట్టి పోయాడు.

సాయంత్రం ఒకే బస్సులో ఎక్కాం. ఆయన నా ముందు సీట్లో కూర్చున్నాడు. తాడ్వాయి దాటాక వెంచర్ జెండాలు కనబడ్డాయి. అప్పుడు వెనక్కి తిరిగాడు.

"బిడ్డా, ఓడుడు గెలుసుడు ఉంటది. దానికేం లేదు. మా రుమాలు దిక్కు ఎవలన్న మాట్లాడిన్రా?"

ఆయన ముఖం చూస్తే నిజం చెప్పే ధైర్యం రాలేదు. ముసలాయన బాధపడతాడని అబద్ధమాడానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆయన మళ్లీ కామారెడ్డి వచ్చి గొడవ చేస్తే, టైపు చేసింది ఎవరు అన్న మాట వస్తుంది. అదే నా భయం.

"అందరూ మాట్లాడిన్రు బాపు" అన్నాను.

"అయితే సరే" అన్నాడు. మళ్లీ ముందుకు తిరిగి కూర్చున్నాడు.

ఆ వారంలోనే నా కాగితం మీద సంతకం పడింది. అదే వారంలో తండా ఆడవాళ్లు ఖాళీ బిందెలతో పెద్ద రోడ్డు మీద కూర్చోవాలనుకున్నారు. రాజే అందరినీ కూడగట్టింది. పత్రికల వాళ్లకు కూడా కబురు పోయింది. తేజ్యా ఒప్పుకోలేదు. "పెద్దమనుషులు మన దిక్కు మాట్లాడినంక ఓడినం. న్యాయంగ ఓడి రోడ్డు మీద కూసుంటే మన ఇజ్జత్ ఏముంటది? వచ్చే యేడు మనదే" అని ఆపాడు. నాయక్ మాట తండాలో ఎవరూ దాటరు. రాజి మాత్రం, "ఇజ్జత్ బిందెల పట్టదు మామా" అందట. అని, బిందె తీసుకుని బావికి పోయిందట.

మే ఆఖరున ఒక పొద్దున ఆమె వంతు వచ్చింది. అడుగున గుంటలో నీళ్లు ముంచుతుండగా తొలిచినట్టున్న పక్క మొత్తం కూలింది. పైన ఉన్న ఆడవాళ్లు కేకలు వేస్తే చేన్లలోంచి మగవాళ్లు వచ్చారు. పారలతో, చేతులతో తోడారు. తేజ్యా కూడా దిగి తోడాడు. రాజిని పైకి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చేతిలో చెంబు అట్లాగే ఉందట.

నేను ఎల్లారెడ్డి బస్టాండులో విన్నాను. తొమ్మిది కిలోమీటర్లే, పోలేదు. తలనొప్పి అని ఇంటికొచ్చి పడుకున్నాను. జూన్ సమావేశంలో విఠల్‌రావు లేచి నిలబడి, కమిటీ సభ్యుని కోడలి మృతికి సంతాపం ప్రకటిద్దామన్నాడు. అందరూ రెండు నిమిషాలు తలలు వంచుకున్నారు. ఆ తీర్మానమూ నేనే టైపు చేశాను. అందులోనూ ఏకాభిప్రాయమే. తేజ్యా రాలేదు, మళ్లీ ఎన్నడూ రాలేదు.

హరిచంద్ దుబాయి నుంచి వచ్చాడు, పెళ్లాం దినాలు కూడా అయిపోయాక. పది చదివినవాడు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి మార్చి తీర్మానం నకలు అడిగాడు. జూలైలో దాన్ని నా చేతుల మీదుగానే ఇవ్వాల్సి వచ్చింది. వరండాలో, వాళ్ల బాపు కూర్చున్న చోటనే నిలబడి చదివాడు.

"అక్కా, బాపు ఎల్లిపోయిండని రాసిన్రు. లేచిండని రాయలె."

నేను ఫైలు సర్దుతున్నట్టు నటించాను.

"ఆదివారం పంచాయితీ ఉన్నది. బాపు మీద నేనే పెట్టిన. నువ్వు రావాలె. రాసింది నువ్వే గదా" అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

పోయాను. ఈసారి ఏ నొప్పీ చెప్పలేదు. ఆ ఏడాది వానలు మంచిగా కురిశాయి. తండా బాట బురద బురదగా ఉంది. సేవాలాల్ గుడి ముందర రేకుల కింద పెద్దలు కూర్చున్నారు. నాయక్ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. తేజ్యా ఎదురుగా, తప్పు చేసినవాళ్లు కూర్చునే చోట నేల మీద కూర్చున్నాడు. తల మీద రుమాలు లేదు, చేతిలో ఉంది. రెండు నెలల్లో మనిషి సగమయ్యాడు. మొదట వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు, తర్వాత నా కోసం తెలుగులోకి మారారు.

"రుమాలు పరుచు నాయక్. నీ దిక్కు నేను మాట్లాడుత" అన్నాడు గోవింద్.

"పరిచేది లేదు. నా దిక్కు ఎవలు మాట్లాడద్దు" అన్నాడు తేజ్యా.

హరిచంద్ కాగితం చదివాడు. చదివి, తండ్రి ముందు నిలబడ్డాడు. "బయటోళ్ల సభల మన రివాజు నడువదని తెల్వదా బాపు? నువ్వు కూసుంటే నీ నోరన్న ఉంటుండె. నీ నోరుంటే పైపు వస్తుండె. పైపొస్తే రాజి ఉంటుండె." పక్కకు తిరిగి కండువాతో ముఖం అదుముకున్నాడు.

తేజ్యా రుమాలు ఒళ్లో పెట్టుకుని మాట్లాడాడు. "కూసుంటే నా కోడలు కోసం కూసున్నట్టయితదని లేచిన. అది తప్పయితే తప్పే, ఏం దండుగ ఏస్తరో ఏయిండ్రి. కాని కాగితంల ఉన్నది వేరు. ఆ రోజు మన దిక్కు అందరు మాట్లాడిన్రు. మాట్లాడినంకనే ఓడినం. బిడ్డ ఉన్నది గదా, అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఆయన కూడా తిరిగాడు. ఆయన కళ్లలో అనుమానం లేదు. అక్కడ కూడా తప్పించుకోవచ్చు. అవునంటే ఆయన ప్రాణం కుదుటపడుతుంది, నా ఇజ్జత్ నిలుస్తుంది. నోటిదాకా వచ్చింది కూడా. గుడి మెట్టు మీద రాజి కూతురు చందన కూర్చుని ఉంది, కాళ్లకు బురద.

"ఎవరూ మాట్లాడలేదు బాపు" అన్నాను. "రుమాలు తీసి కిటికీకి తగిలించిండ్రు. మీ తండా పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. బస్సుల నేను మీకు అబద్ధం చెప్పిన."

హరిచంద్ లేచాడు. గోవింద్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

తేజ్యా నన్నే చూస్తున్నాడు. కోపం ఉందేమోనని వెతికాను. లేదు. ఏదో లెక్క తప్పిపోయి, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నవాడిలా ఉన్నాడు.

"నీకేమన్న లాభముండెనా బిడ్డా గండ్ల?"

"నా నౌకరి బాపు. ఆ వారమే సంతకం కావాల్సి ఉండె."

తల ఊపాడు. తప్పింది ఎక్కడో దొరికినట్టుంది.

"మరి ఆ కాగితం నువ్వే చదివి చెప్తివి గదా నాకు. నువ్వన్న లేవకపోతివా బిడ్డా."

నా మీద ఏం దండుగ వేయాలని ఎవరో అడిగారు. ఆమె మన మనిషి కాదు, మన పంచాయితీ ఆమె మీద నడవదు అని తేజ్యాయే చెప్పాడు. ఆయన సంగతి తేల్చడానికి సాయంత్రమైంది. లేవడం తప్పు కాదన్నారు పెద్దలు. లోపలికి వచ్చి, అక్కడే, అందరి ముందర అడగకుండా, బస్సులో పరాయి మనిషిని అడిగి నమ్మడం తప్పన్నారు. శిక్ష ఆయనే కోరుకున్నాడు. రాజి మోసిన నీళ్లు ఇక తాను మోస్తానన్నాడు, చందన పెండ్లి దాకా.

నాయకత్వం గోవింద్‌కు ఇచ్చేశాడు. రోజూ పొద్దున, మట్టి తోడేసిన ఆ బావి దగ్గరే, ఆడవాళ్ల వరసలో బిందె పట్టుకుని నిలబడేవాడట. మొదట్లో ఆడవాళ్లు ముందుకు పొమ్మంటే పోలేదు, వంతు వచ్చేదాకా ఉండేవాడు. 2014 ఫిబ్రవరిలో ఒక పొద్దున బిందె దించి ఇంటి ముందర కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. చందన పెండ్లికి ఇంకా పదేళ్లుంది.

తండాకు పైపు రాలేదు. వెంచర్‌కు వచ్చింది. బస్సులోంచి చూస్తే రాళ్ల మధ్య నల్లా కనబడుతుంది, ఎవరూ కట్టేయక కారుతూ ఉంటుంది. జూన్‌లో కొత్త రాష్ట్రం, కొత్త మంత్రి, కొత్త కమిటీ వచ్చాయి. విఠల్‌రావు కండువా మార్చుకుని మళ్లీ వచ్చాడు. మొదటి రోజున పంచడానికి అదే కాగితం అడిగితే, పాత ఫైలు తీసి తేదీ మార్చి అచ్చు తీశాను. అందరూ సంతకాలు చేసి ఇచ్చారు. కింద ఎవరూ ఏమీ రాయలేదు.

నా కాంట్రాక్టు మళ్లీ పొడిగించారు. ఆ మూలనే, ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను.